మన మాట నేర్చుకోని బడి మనకేం నేర్పుతుంది?

(కోడూరు పేటలో జరిగిన సభలో మేము మాట్లాడిన మాటల పాఠం. చదువుకోటానికి వీలుగా కొద్దిగా సర్ది ఇస్తున్నాం.)



పొద్దున్నుంచీ బురదలో వంగి పనిచేసి, పొయ్యి మీద కూడు దించి ఇంతమంది వచ్చి కూర్చున్నారు. అందుకే మేము చెప్పదలచుకున్నది సూటిగా చెబుతాం. ఇవాళ మేము మాట్లాడేది భాష గురించి. భాష గురించి మాట్లాడటానికి పండితులున్నారు, యూనివర్సిటీలున్నాయి, మన పేటలో ఈ గొడవెందుకు అని మీకు అనిపించొచ్చు. కానీ మన పిల్లలు ఐదో తరగతి దాటకుండానే బడి మానేసి రొయ్యల చెరువు గట్టున ఎందుకు తేలుతున్నారో తెలుసుకోవాలంటే భాష గురించి మాట్లాడక తప్పదు. ప్రామిసరీ నోటు మీద ఏం రాశారో తెలియకుండా మన తాతలు వేలిముద్ర ఎందుకు వేశారో తెలుసుకోవాలన్నా మాట్లాడక తప్పదు.

అసలు మన దివిసీమ భాషాభిమానానికి పేరుపడ్డ నేల. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన విద్యామంత్రి మండలి వెంకట కృష్ణారావుగారు ఈ సీమవారే. పక్కనే అవనిగడ్డ. టీచరు ఉద్యోగం కోసం డీఎస్సీ కోచింగుకి రాష్ట్రం నలుమూలల నుంచీ అక్కడికి వస్తారు. ఇంత తెలుగు పారే కాలవ పక్కన ఉండి కూడా మన పేట పిల్ల బడిలో నోరు విప్పదు. ఎందుకు విప్పదు? ఇవాళ్టి మన ప్రశ్న ఇదే.

దీనికి జవాబు వెతుక్కుంటూ మేము ఒక మనిషి జీవితాన్ని తిరగేశాం. ఆయన మన కులంవాడు కాదు, మన జిల్లావాడు కూడా కాదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన బడిపంతులు. పేరు గిడుగు వెంకట రామమూర్తి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారే, అది ఆయన పుట్టినరోజు. ఆ రోజు దండలు వేస్తారు, పద్యాలు పాడతారు, ఇంటికి పోతారు. ఆయన చేసిన అసలు పని ఏమిటో చెప్పేవాళ్లు తక్కువ. అది చెబుతాం, వినండి. ఆయన ఎక్కడ ఆగిపోయాడో కూడా చెబుతాం. ఎందుకంటే ఆయన ఆగినచోటే మన పేట మొదలవుతుంది.

పంతులే శిష్యుడైన కథ

గిడుగు 1863లో శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చదువు పూర్తిగా సాగకుండానే 1880లో పర్లాకిమిడి రాజాగారి బడిలో పంతులుగా చేరాడు. ఉద్యోగం చేసుకుంటూ తనంతట తాను చదువుకుని ఎఫ్.ఏ., బి.ఏ. పాసయ్యాడు. దగ్గర్లో ముఖలింగం గుడి ఉంది. ఆ గోడల మీది శాసనాల లిపి చదవటం కూడా తానే నేర్చుకున్నాడు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల మీద సవరలుంటారు. సంతకి వస్తారు, కొండసరుకు అమ్ముకుంటారు, పోతారు. వాళ్ల భాష షావుకారికి రాదు, పోలీసుకి రాదు, అమీనుకి రాదు. వాళ్ల భాష వీళ్లకి రాకపోతే నష్టం ఎవరికి? సవరకే. తూకంలో మోసపోయేది ఆయనే, కచ్చేరీలో నోరులేనివాడయ్యేది ఆయనే. సవరలకి భాషే లేదు, ఏవో కూతలు కూస్తారు అనుకునే కాలం అది.

గిడుగు అనుకున్నది వేరు. వీళ్లకి చదువు చెప్పాలి. చదువు చెప్పాలంటే ముందు వీళ్ల మాట నాకు రావాలి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మామూలు పంతులు ఏమనుకుంటాడు? ముందు వీడికి నా మాట రావాలి, ఆ తర్వాత చదువు చెబుతా అనుకుంటాడు. గిడుగు దాన్ని తిరగేశాడు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన దగ్గర సవర భాష నేర్చుకున్నాడు. అప్పుడు గురువు ఎవరు? సవర. శిష్యుడు ఎవరు? బి.ఏ. పాసైన పంతులు. మన దేశంలో గురువు అంటే పై కులంవాడు, వినేవాడు కింది కులంవాడు. ఆ లెక్క ఆ ఇంట్లో తారుమారైంది.

సవర తెలుగుకి చుట్టం కాదు. గోండి, కోయ, కొండ భాషలు తెలుగుతో పాటు ద్రావిడ కుటుంబంలోవి. సవర ముండా కుటుంబంలోది. సంతాలీ, ముండారీ దాని చుట్టాలు. మాట మాటకీ కొత్తే. తెలుగు అక్షరాల్లో గుర్తు లేని ధ్వనులు కూడా అందులో ఉన్నాయి. గొంతు దగ్గర పట్టి వదిలే ధ్వని ఒకటుంది, దానికి మన అఆల్లో చోటు లేదు. అయినా ఆయన వదల్లేదు. ఏళ్ల తరబడి కొండల్లో తిరిగాడు. మన్యం జ్వరాలకి క్వినైను మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నాడని చెబుతారు. ఇంకొకరి మాట వినటం కోసం సొంత చెవులు పోగొట్టుకున్న మనిషి.

సవరలో పాఠాలు, కథలు, పాటలు తెలుగు లిపిలో రాశాడు. సవర పిల్లలకి బడులు పెట్టించాడు, సొంత డబ్బు ఖర్చుపెట్టాడు. పుస్తకాలకి మద్రాసు ప్రభుత్వం ఇస్తానన్న సొమ్ము తనకొద్దు, దాంతో సవరలకి బడి పెట్టండి అన్నాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్పారు. 1913లో రావు సాహెబ్ బిరుదు వచ్చింది. ముప్పై ఏళ్లకి పైగా సాగిన ఈ కృషి మీద 1931లో సవర భాషా వ్యాకరణం అచ్చయింది. ఆ దశాబ్దంలోనే నిఘంటువులు కూడా వచ్చాయి.

ఇంతకీ మనకి దీంతో పనేంటి? పని ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. అందులో సవర ఒకటి. సవర పిల్లకి సవరలో అఆలు నేర్పాలి అని ఒక పంతులు చేసి చూపించిన పని ప్రభుత్వానికి కార్యక్రమం కావటానికి దాదాపు నూరేళ్లు పట్టింది. మన పిల్లల సంగతి ప్రభుత్వం తెలుసుకునేదాకా కూర్చుందామంటే ఇంకో నూరేళ్లు పడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. గిడుగు వ్యాకరణం అచ్చయిన ఐదేళ్లకి, 1936లో, మంగై గొమాంగో అనే సవర తన భాషకి తానే ఒక లిపి తయారుచేశాడు. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. బయటివాళ్లు తెలుగు అక్షరాలు ఇచ్చారు, ఒరియా అక్షరాలు ఇచ్చారు, ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చారు. మా అక్షరం మాది అన్నాడు ఆ సవర. మంచి మనసున్న పంతులు తలుపు తీయగలడు. లోపల దీపం పెట్టుకోవాల్సింది ఇంట్లోవాళ్లే.

నిన్నటి తప్పు ఇవాళ ఒప్పయ్యింది

గిడుగు రెండో పని తెలుగు గురించి. అప్పట్లో బడి పుస్తకాల్లో తెలుగు మనుషులు మాట్లాడే తెలుగు కాదు, గ్రాంథికం. ఇంట్లో "వచ్చాడు" అన్న పిల్లవాడు పుస్తకంలో "వచ్చెను" అని రాయాలి. "వచ్చాడు" అని రాస్తే మార్కులు పోతాయి. పండితుడి కొడుకు కూడా ఇంట్లో అట్లా మాట్లాడడు. అయినా అదే ఒప్పు.

1907లో యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడేది ఒకటి, బడిలో నేర్పేది ఒకటి, ఇదేంటి అని ఆయనకి అనుమానం వచ్చింది. విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు, గిడుగు, యేట్స్ కలిశారు. అక్కణ్ణించి వ్యావహారిక భాషా ఉద్యమం లేచింది. 1911లో దానికి ఎదురుగా పండితులు, జమీందార్లు ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టారు. సభలు, తీర్మానాలు, తిట్లు. గిడుగు 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టాడు. గ్రాంథికమే రాయాలని గద్దించే పండితుల పుస్తకాలు తీసుకుని, వాళ్ల వ్యాకరణం ప్రకారమే వాళ్లు ఎక్కడెక్కడ తప్పు రాశారో ఏరి చూపించాడు. ఆయన మొండివాడు. గుక్క తిప్పుకోకుండా వాదించేవాడు. 1940 జనవరి 22న కన్నుమూసేదాకా ఆ పోట్లాట ఆపలేదు. పత్రికలు ముందు మారాయి. బడి పుస్తకాలు, యూనివర్సిటీలు మారటానికి ఆయన పోయాక కూడా దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు మీ ఇంట్లో పిల్లల తెలుగు వాచకం తియ్యండి. "వచ్చాడు" అనే ఉంటుంది. 1911లో తప్పు, ఇవాళ ఒప్పు. మాట మారిందా? మాట అదే. మారింది ఏంటంటే, ఆ మాటకి వెనక నిలబడ్డవాళ్ల బలం. ఈ ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. బడిలో తప్పు అనేది మాటలో ఉండదు, మాట్లాడేవాడి బలంలో ఉంటుంది.

ఇక మన పేట పిల్ల సంగతికి వద్దాం. ఆ పిల్ల "సదువుకుంటన్నా" అంటుంది. "సేలోకి యెల్లారు" అంటుంది. "ఆళ్లు రాలేదు" అంటుంది. క్లాసులో నవ్వుతారు. నోరు తిరగదు అంటారు. కానీ వినండి. చదువు - సదువు. చేను - సేను. చెరువు - సెరువు. చెప్పు - సెప్పు. ఎప్పుడైనా ఈ పిల్ల ఒకసారి ఒకలా, ఒకసారి ఇంకోలా అంటుందా? అనదు. మాట మొదట్లో వాళ్లు 'చ' పలికిన చోట మనం 'స' పలుకుతాం. అది సూత్రం. సూత్రం ఉన్నదాన్ని వ్యాకరణం అంటారు. మన పిల్లకి వ్యాకరణం వచ్చు, పంతులుకి మన వ్యాకరణం రాదు. అంతే తేడా.

ఇక్కడే గిడుగు ఆగిపోయాడు. ఆయన కోరింది శిష్ట వ్యావహారికం. శిష్టులు అంటే ఎవరు? చదువుకున్నవాళ్లు, మర్యాదస్తులు. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు ఏ వీధుల్లో ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. గ్రాంథికం కోట గోడ పడగొట్టినప్పుడు అగ్రహారం మాట బయటికొచ్చింది, పెద్దరైతు లోగిలి మాట బయటికొచ్చింది. మాలపల్లి మాట, మాదిగగూడెం మాట, యానాది గుడిసె మాట ఊరి బయటే ఉండిపోయింది. భాషాశాస్త్రం చదివినవాళ్లు తెలుగుని నాలుగు మండలాలుగా చెబుతారు. ఉత్తరాన కళింగాంధ్ర, దక్షిణాన రాయలసీమ, తెలంగాణ, మధ్యలో మన కృష్ణా గోదావరి గుంటూరు వైపు. పుస్తకాలకి ఎక్కింది ఈ మధ్య మండలం మాటే. తెలంగాణవాళ్లు, శ్రీకాకుళంవాళ్లు మీ కోస్తావాళ్ల తెలుగు మా నెత్తిన రుద్దారు అంటారు. వాళ్ల బాధ న్యాయమైంది. కానీ అన్నా, ఆ కోస్తాలో మనం కూడా ఉన్నాం గదా? మన జిల్లా మాట పుస్తకంలో కూర్చుంది, మన వీధి మాట వాకిట్లో నిలబడింది.

గిడుగుని మేము తిట్టటానికి ఇది చెప్పటం లేదు. కొండల్లోకి పోయి సవర మాట నేర్చుకున్న మనిషి ఆయన. ఆయనకి గౌరవం ఇవ్వాలి. కానీ ఆయన పేరు చెప్పుకుని ఏటా పండగ చేసుకునేవాళ్లని అడుగుతాం. ఆయన సవరలకి చేసిన పని, ఊరి పక్కనే ఉన్న పేటకి మీరు చేశారా?

నోరు మూసుకుపోయేది ఎందుకు?

మన పిల్లకి చదువంటే ఇష్టం లేదు అంటారు. తల్లిదండ్రులకి శ్రద్ధ లేదు అంటారు. ఈ నింద మనకొక్కళ్లకే కాదు, ప్రపంచంలో కింద ఉంచినవాళ్లందరికీ వేశారు.

అమెరికాలో లబోవ్ అనే భాషా పరిశోధకుడు 1960ల్లో న్యూయార్కు హార్లెం పేటల్లో నల్ల పిల్లల మాట పరిశీలించాడు. ఈ పిల్లలకి భాషే లేదు, ఒక్క ముక్క మాట్లాడలేరు అని అక్కడి విద్యావేత్తలు తేల్చేశారు. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే ఒకటీ అరా మాటే వచ్చింది. అడిగినవాడు కూడా నల్లవాడే, అదే పేటవాడే, అయినా రాలేదు. తర్వాత అదే మనిషి చిప్సు పొట్లం తీసుకొచ్చాడు, పిల్లవాడి నేస్తాన్ని పిలిచాడు, తాను నేలమీద కూర్చున్నాడు. అప్పుడు ఇద్దరు పిల్లలూ ఒకర్ని మించి ఒకరు మాట్లాడారు. పిల్లవాడు అదే, భాష అదే. కుర్చీ పోయింది, మాట వచ్చింది. 1969లో లబోవ్ ఈ సంగతి రాశాడు.

కెనడాలో బానీ నార్టన్ అనే ఆమె 1990ల మొదట్లో ఇంకో పరిశీలన చేసింది. వేరే దేశాల నుంచి వలస వచ్చి, పనులు చేసుకుంటూ ఇంగ్లీషు నేర్చుకుంటున్న ఐదుగురు ఆడవాళ్లని చూసింది. ఐదుగురికీ నేర్చుకోవాలని కోరిక గట్టిగా ఉంది. అయినా కొన్ని చోట్ల నోరు పెగల్లేదు. కోరిక లేక కాదు. ఎదుటివాళ్లు తమని వినదగ్గ మనిషిగా లెక్కపెట్టకపోవటం వల్ల. వాళ్లలో ఒకామె హోటల్లో పనిచేసేది. అక్కడ తోటి పనివాళ్లు చిన్నపిల్లలు, ఈమె మీద పెత్తనం చేసేవాళ్లు. నేను బిడ్డల తల్లిని, మీలాంటి పిల్లల్ని పెంచినదాన్ని అని ఆమె మనసులో నిలబడ్డాక వచ్చిన ఇంగ్లీషుతోనే గట్టిగా మాట్లాడింది. భాష నేర్చుకోవటం అంటే మాటలు బట్టీపట్టటం కాదు, మాట్లాడే హక్కు తీసుకోవటం అని నార్టన్ చెప్పింది.

ఈ మాట మనకి కెనడా నుంచి రావాలా అక్కా? మనకి తెలియదా? మన తాతలు రెండు భాషలు మాట్లాడారు. పేటలో ఒకటి, ఆసామి అరుగు ముందు ఒకటి. పేటలో పది మందికి పంచాయితీ చెప్పిన పెద్దమనిషి, అరుగు ముందు "చిత్తం అయ్యా" తప్ప ఇంకో మాట ఎరగడు. పదేళ్ల కుర్రాడు డెబ్బై ఏళ్ల ముసలాయన్ని "ఏరా" అని పిలిచేవాడు, ముసలాయన కుర్రాణ్ణి "బాబుగారూ" అనేవాడు. వీళ్ల పేర్ల చివర 'గాడు', వాళ్ల పేర్ల చివర 'గారు'. ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరంలో ఊరు, పేట, కుండ, బావి అన్నీ ఉన్నాయి. ఇదీ మనకి నేర్పిన మొదటి వాచకం. ఆ వాచకం చదివిన ఇంటి నుంచి వచ్చిన పిల్ల, కుర్చీలో కూర్చున్న మనిషిని చూడగానే నోరు మూసుకోక ఏం చేస్తుంది?

మనోళ్లు ఆ వాచకాన్ని చించిన రోజు కూడా ఉంది. వ్యావహారికమా, గ్రాంథికమా అని పండితులు కొట్టుకుంటున్న రోజుల్లోనే, 1917 నవంబరులో, బెజవాడలో మనవాళ్ల మహాసభ జరిగింది. భాగ్యరెడ్డి వర్మగారు అధ్యక్షులు. పంచముల మహాసభ అని పిలిచారు. మేము పంచములం కాదు, ఈ నేలకి మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని సభ పేరే మార్చుకున్నారు. తెలుగు సాహిత్య చరిత్రలో భాషా ఉద్యమం అంటే గిడుగు, గురజాడ అని రాస్తారు. బెజవాడలో జరిగింది కూడా భాషా ఉద్యమమే. మమ్మల్ని ఏ మాటతో పిలవాలో మేము చెబుతాం అనటం కంటే పెద్ద భాషా ఉద్యమం ఏముంటుంది?

అక్షరం మన బతుకు చెప్పినప్పుడు

సంతకం వస్తే చదువొచ్చినట్టేనా? జనాభా లెక్కల్లో ఏడేళ్లు దాటి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవటం, రాయటం రెండూ వచ్చినవాళ్లే అక్షరాస్యులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అట్లాంటివాళ్లు 1991లో 44 శాతం, 2011లో 67 శాతం. పెరిగిందంటే సంతోషమే. కానీ అర్థం చేసుకుంటూ అన్న మాట దగ్గర ఆగండి. అడంగల్ కాపీ చేతిలో పెడితే అర్థమవుతుందా? దఖలు, తనఖా, హక్కుభుక్తం అని రాసిన కాయితం చదివితే అర్థమవుతుందా? అక్షరాలు కూడబలుక్కుని చదువుతాం, భూమి ఎవరి పేరున ఉందో తెలుసుకోలేం. అఆలు వచ్చినా కచ్చేరీ భాష రాకపోతే వేలిముద్ర పోయి సంతకం వచ్చింది, అంతే.

అక్షరం మన బతుకు చెబితే ఏమవుతుందో నెల్లూరు ఆడవాళ్లు చూపించారు. 1991 ప్రాంతంలో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రిబళ్లలో కూలి ఆడవాళ్లు చదివిన పాఠాల్లో తాగుబోతు మొగుడు, సారా కొట్టు, ఆకలితో పిల్లలు ఉన్నారు. ఇది మా ఇంటి కథే అన్నారు. దూబగుంట నుంచి లేచిన మంట జిల్లా అంతా పాకింది. సారా పాటలు ఆపేశారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు, అది వేరే కథ. కానీ అక్షరం తమ మాట మాట్లాడితే, నిరక్షరాస్యులు అన్న ఆడవాళ్లు ప్రభుత్వాన్ని కదిలించారా లేదా?

ఇంగ్లీషు సంగతి అడుగుతారని మాకు తెలుసు. చెబుతాం. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తూ జీవో 81 ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజుల్లో తెలుగు చచ్చిపోతోందని కన్నీళ్లు పెట్టుకున్న పెద్దలు చాలామంది తమ పిల్లల్ని ఎక్కడ చదివించారో మనకి తెలుసు. తెలుగుని కాపాడే బాధ్యత కూలివాళ్ల పిల్లలకి, తెలుగు దాటిపోయే హక్కు ఆసాముల పిల్లలకి. ఈ పంపకం మనం ఒప్పుకోం. అంబేద్కర్‌ని అంటరానివాడని బడిలో సంస్కృతం చదవనివ్వలేదు, ఆయన పారశీకం చదువుకున్నాడు. ఒకప్పుడు సంస్కృతం దగ్గర వేసిన కంచెని ఇప్పుడు ఇంగ్లీషు దగ్గర వేస్తామంటే కుదరదు. మనకి ఇంగ్లీషు కావాలి.

అయితే మన సంఘాల్లో కొందరు అనుకుంటున్నట్టు, మీడియం మారిస్తే చాలు అనేది కూడా నిజం కాదు. తెలుగు పంతులు ముందు నోరు విప్పని పిల్ల ఇంగ్లీషు పంతులు ముందు విప్పుతుందా? ఇంకా గట్టిగా మూస్తుంది. గిడుగు సవరలకి చేసింది ఇక్కడ పనికొస్తుంది. పిల్ల ఏ మాటతో వచ్చిందో ఆ మాట దగ్గరికి పంతులు పోవాలి, అక్కణ్ణించి చెయ్యి పట్టుకుని పుస్తకం తెలుగుకి, ఇంగ్లీషుకి తీసుకుపోవాలి. ఇంటి మాట విడిచిపెట్టి రమ్మనటం చదువు కాదు. ఇంటి మాట దగ్గరే ఉండిపొమ్మనటం కూడా చదువు కాదు.

మనం చెయ్యాల్సిన పని

ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి పోతే ఉపయోగం లేదు. నాలుగు పనులు చెబుతాం.

ఒకటి. మాటల పుస్తకం. భద్రిరాజు కృష్ణమూర్తిగారనే భాషాశాస్త్రజ్ఞుడు జిల్లా జిల్లాకీ మనుషుల్ని పంపి సేద్యగాళ్ల నోటి నుంచి మాటలు సేకరింపజేశారు. 1962లో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం వచ్చింది, 1971లో చేనేత సంపుటం వచ్చింది. పుస్తకం ఆయన పేరున ఉంది, మాటలు కూలీలవి, రైతులవి. మిగిలినవి మనం రాసుకోవాలి. ఆకుమడి, దమ్ము, ఊడ్పు, పన, ఓదె, కుప్ప, మురుగు, బోదె, చౌడు, ఇవి మన అమ్మల మాటలు. ఆరె, రంపె, లంద, తంగేడు చెక్క, ఇవి తోలు పని చేసిన మన తాతల మాటలు. డప్పు మీద ఏ దరువు ఎప్పుడు కొడతారో, వల వేసే యానాది తాత ఏ చేపని ఏమంటాడో కూడా రాయాలి. యంత్రం వచ్చాక పని పోయింది, పనితో పాటు మాట పోతోంది. తొమ్మిది, పది చదివే పిల్లలు ఒక నోటు పుస్తకం తీసుకుని ముసలాళ్ల దగ్గర కూర్చోవాలి. అప్పుడు చదువురాని అవ్వ గురువవుతుంది.

రెండు. మన కథలు మన మాటలో. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రిని కళ్లతో చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఎట్లా బతికారో, ఎవర్ని పోగొట్టుకున్నారో వాళ్లు చెప్పినట్టే రాయండి. "సేలు", "ఆళ్లు", "యెల్లిపోయింది" అన్నవి దిద్దొద్దు. రాత్రిబడిలో అదే మొదటి వాచకం. ఆ తర్వాత అదే కథ పుస్తకం తెలుగులో రాయించండి. ఆ తర్వాత ఇంగ్లీషులో. మూడూ పక్కపక్కన పెట్టి చదివిస్తే పిల్లకి తెలుస్తుంది, మూడూ భాషలే, ఏదీ తప్పు కాదు, ఒక్కోటి ఒక్కో చోటికి పోయే దారి అని.

మూడు. కాయితాలు కలిసి చదవటం. వారానికి ఒక రాత్రి పట్టా, బ్యాంకు పాసుపుస్తకం, నోటీసు, ఎవరికి ఏది వస్తే అది తెచ్చుకోండి. చదువుకున్న పిల్లలు ఒక్కో మాటా విడగొట్టి చెప్పాలి. అర్థం కాని కాయితం మీద సంతకం పెట్టకూడదు అని పేట అంతా కట్టుబాటు చేసుకోవాలి.

నాలుగు. బడికి పోయి మాట్లాడటం. పోట్లాటకి కాదు. తల్లులు పదిమంది కలిసి పోయి, అయ్యా, మా పిల్ల మాట చూసి నవ్వనివ్వకండి, ముందు దాని మాటలో చెప్పనివ్వండి, తర్వాత మీ మాట నేర్పండి అని అడగాలి. మంచి పంతుళ్లు ఉన్నారు, వింటారు. విననివాళ్లకి గిడుగు కథ చెప్పండి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో రేపు డీఎస్సీ రాసి టీచర్లయ్యేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాం. ఉద్యోగం వచ్చాక మీ కుర్చీ కూడా అరుగు కాకుండా చూసుకోండి. ఏ సవర గూడేనికి, ఏ యానాది కాలనీకి వేసినా, మొదటి నెల మీరు శిష్యులు.

సవర భాష మీద ఒక పంతులు ముప్పై ఏళ్లకి పైగా కృషి చేశాడు. మన మాట మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టుకతో ఉంది. కావాల్సింది దాన్ని తలెత్తుకుని మాట్లాడే ధైర్యం, కాయితం మీద పెట్టే ఓపిక. వచ్చే పక్షానికి ఈ పేట నుంచి మాటల పుస్తకం మొదటి పేజీ రాసి పంపండి. తప్పులున్నాయని భయపడకండి. మేము దిద్దం, అచ్చు వేస్తాం.

జై భీమ్.